నిద్ర నాణ్యత, జ్ఞాపకశక్తి: ములుగు నేపథ్యంలో

నిద్ర నాణ్యత అంటే ఎన్ని గంటలు పడుకున్నామన్న లెక్క ఒక్కటే కాదు. పడుకున్నాక నిద్ర పట్టడానికి ఎంతసేపు పట్టింది, మధ్యలో ఎన్నిసార్లు మెలకువ వచ్చింది, గాఢ నిద్ర తెగకుండా సాగిందా, రోజూ దాదాపు ఒకే వేళకు పడుకుంటున్నారా అన్నవన్నీ అందులోకి వస్తాయి. జ్ఞాపకశక్తిలోనూ మూడు పనులున్నాయి. కొత్త సంగతిని మెదడు పట్టుకోవడం ఒకటి, పట్టుకున్నదాన్ని నిలుపుకోవడం రెండోది, అవసరమైనప్పుడు బయటికి తీయడం మూడోది. మొదటి రెంటికీ నిద్రతో గట్టి సంబంధం ఉందని వందేళ్ళుగా జరుగుతున్న పరిశోధన చెబుతోంది. ఆ పరిశోధనంతా ఒకచోట పెట్టి చూస్తే, గంటల లెక్క కంటే నిద్ర తెగకపోవడానికే ఎక్కువ బరువు ఇవ్వాల్సి వస్తుంది. ములుగు లాంటి చోట ఈ తేడాకు ప్రాధాన్యం ఉంది. 2016 దాకా వరంగల్ జిల్లాలో, ఆ తర్వాత జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో ఉండి, 2019 ఫిబ్రవరి 17న విడి జిల్లా అయిన ఈ ప్రాంతంలో ఎక్కువ భాగం అడవి, గోదావరి ఒడ్డు, కోయ గూడేలు, వరి, మిర్చి పొలాలు. పల్లెల్లో చాలామంది పొద్దుపోకముందే తిని పడుకునేవాళ్ళే. పడక వేళకు అక్కడ కొరత లేదు; కొరతంతా తెగని నిద్రకే.

నిద్రకూ జ్ఞాపకానికీ ఉన్న సంబంధాన్ని మొదట లెక్కగా చూపించినవాళ్ళు అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన జెంకిన్స్, డాలెన్‌బాక్. 1924లో వాళ్ళు ఇద్దరంటే ఇద్దరు విద్యార్థుల చేత అర్థంలేని అక్షరాల జాబితాలు బట్టీ పట్టించి, నిద్రపోయాక ఎంత గుర్తుంది, అంతే సమయం మెలకువగా గడిపాక ఎంత గుర్తుంది అని పోల్చారు. నిద్రపోయినప్పుడు మరపు చాలా తక్కువ. నిద్రలో కొత్త సంగతులేవీ వచ్చి పడవు కాబట్టి పాతవి చెరిగిపోవని అప్పుడు అర్థం చెప్పుకున్నారు. అంటే నిద్ర ఏ పనీ చేయదు, ఊరికే అడ్డుగోడలా నిలబడుతుందన్నమాట. ఈ అభిప్రాయం మారడానికి డెబ్బై ఏళ్ళు పట్టింది. 1994లో విల్సన్, మెక్‌నాటన్ ఎలుకల మెదడులోని హిప్పోకాంపస్ అనే భాగంలో సన్నని తీగలు అమర్చి చూశారు. మెలకువలో తిరిగేటప్పుడు ఏ కణాలు జట్టుగా స్పందించాయో, తర్వాత నిద్రలో అవే కణాలు మళ్ళీ జట్టుగా స్పందించాయి. పగటి నడకను మెదడు రాత్రి మళ్ళీ నడుస్తోంది. ఈ పునరావృత్తి జరిగే క్షణాల్లో పుట్టే అతివేగపు తరంగాలను 2009లో పారిస్ పరిశోధకులు ఎలుకల నిద్రలో ఎప్పటికప్పుడు అణచివేసి చూస్తే, దారిని గుర్తుపెట్టుకోవడంలో ఆ ఎలుకలు వెనకబడ్డాయి. దీంతో నిద్ర కేవలం అడ్డుగోడ అన్న మాట నిలవలేదు. కల్లంలో ఆరబోసిన వడ్లు గాదెకు చేరేదాకా పంట ఇంటికొచ్చినట్టు కాదు. పగలు నేర్చుకున్నది కూడా హిప్పోకాంపస్‌లో తాత్కాలికంగా ఉండి, గాఢ నిద్రలో మెదడు పైపొరకు చేరుతుంది. గాఢ నిద్రలోని నిదానమైన పెద్ద అలలు, వాటి మీద సెకనుకు పన్నెండు నుంచి పదిహేను సార్లు కంపించే స్పిండిల్స్ అనే తరంగాలు, హిప్పోకాంపస్‌లోని అతివేగపు తరంగాలు ఈ మూడూ ఒకదానితో ఒకటి వేళ కలిపి నడిచినప్పుడే ఆ చేరవేత సవ్యంగా సాగుతుంది.

మనుషుల్లో దీన్ని చూపిన ప్రయోగాల్లో జర్మనీలోని లూబెక్‌లో బ్యోర్న్ రాష్, యాన్ బోర్న్, వాళ్ళ సహచరులు 2007లో ప్రచురించినదాన్ని కాస్త వివరంగా చెప్పుకోవాలి. విద్యార్థులు సాయంత్రం కంప్యూటర్ తెర మీద బోర్లించిన బొమ్మల జతలు ఎక్కడెక్కడ ఉన్నాయో గుర్తుపెట్టుకునే ఆట ఆడారు. ఆడుతున్నంతసేపూ వాళ్ళకు గులాబీ వాసన అందించారు. రాత్రి వాళ్ళు గాఢ నిద్రలో ఉండగా, లేపకుండా, అదే వాసన మళ్ళీ వదిలారు. పొద్దున పరీక్షిస్తే 97 శాతం జతలు సరిగ్గా చెప్పారు. వాసన వదలని రాత్రి తర్వాత 86 శాతమే చెప్పగలిగారు. కలలు ఎక్కువగా వచ్చే రెమ్ నిద్రలో వాసన వదిలినా, మెలకువలో వదిలినా ఆ లాభం రాలేదు. ఆడేటప్పుడు వాసన చూడనివాళ్ళకు రాత్రి ఎంత గులాబీ పరిమళం అందించినా ఫలితం శూన్యం. కాబట్టి మేలు చేసింది వాసన కాదు, ఆ వాసనతో ముడిపడ్డ జ్ఞాపకం గాఢ నిద్రలో మళ్ళీ కదలడం. తలకింద పుస్తకం పెట్టుకు పడుకుంటే చదువు వస్తుందా అని మన దగ్గర వేళాకోళం చేస్తారు. చదివినదైతే, నిద్ర దాని మీద పని చేస్తుందనే ఈ ప్రయోగం చెబుతోంది. చదవనిదాన్ని అది తేలేదు.

ఇక నిద్ర ఎంత అన్నది ముఖ్యమా, ఎలా అన్నది ముఖ్యమా అనే ప్రశ్న. దీనికి సూటి జవాబు 2011లో స్టాన్‌ఫర్డ్ నుంచి వచ్చింది. అక్కడి పరిశోధకులు ఎలుకలను మేల్కొలిపే కణాలను కాంతితో తాకి, వాటి నిద్రను తునకలు చేశారు. మొత్తం నిద్ర సమయం తగ్గలేదు, గాఢత కూడా తగ్గలేదు. తెగకుండా సాగే నిడివి మాత్రమే తగ్గింది. ఆ మర్నాడు అంతకుముందు చూసిన వస్తువుకూ కొత్త వస్తువుకూ తేడాను ఆ ఎలుకలు పోల్చుకోలేకపోయాయి. మనుషుల విషయంలో ఇంతే విలువైన సాక్ష్యం తమిళనాడు రాజధాని చెన్నైలో దొరికింది. తక్కువ ఆదాయం గల 452 మందికి కదలికలను నమోదు చేసే పట్టీలు చేతికి కట్టి, వాళ్ళ నిద్రను కొలిచారు. ఆ ఫలితాలు 2021లో ప్రచురితమయ్యాయి. రాత్రికి ఎనిమిది గంటలు పడక మీద ఉన్నా వాళ్ళు నిజంగా నిద్రపోయింది దాదాపు ఐదున్నర గంటలు. ఉక్క, దోమలు, చప్పుళ్ళు, ఇరుకు గదులు మిగతా సమయాన్ని మింగేశాయి. కొందరికి మంచం, పరుపు, దిండు, టేబుల్ ఫ్యాను, చెవుల్లో పెట్టుకునే బిరడాలు, కళ్ళకు గంతలు ఇచ్చి, త్వరగా పడుకోమని సలహా ఇచ్చారు. కొందరికి ఎక్కువ నిద్రపోతే డబ్బు కూడా ఇచ్చారు. రాత్రి నిద్ర సగటున 27 నిమిషాలు పెరిగింది. అయినా వాళ్ళ మేధాశక్తి పరీక్షల్లో గానీ, పని ఉత్పత్తిలో గానీ తేడా కనిపించలేదు. అదే, వాళ్ళు పనిచేసే చోట మధ్యాహ్నం నిశ్శబ్దంగా, చల్లగా ఉన్న గదిలో అరగంట లోపు కునుకు తీసినవాళ్ళలో మాత్రం ఏకాగ్రతా పనితనమూ రెండూ మెరుగుపడ్డాయి. నిద్రకు విలువ లేదనడానికి రాత్రి నిద్ర మీది ఫలితాన్ని వాడుకున్నవాళ్ళున్నారు. వాళ్ళు ఒక సంగతి వదిలేశారు: రాత్రి పెరిగిన 27 నిమిషాలూ పడక మీద ఎక్కువసేపు ఉండటం వల్ల వచ్చినవే, నిద్ర తెగిపోయే తీరు మాత్రం మారలేదు. తునకల నిద్రకు ఇంకో తునక కలిపితే అది ముక్కలుగానే ఉంటుంది. మధ్యాహ్నపు కునుకు చిన్నదైనా ముక్కలు కాలేదు.

చెన్నై ఇరుకు ఇళ్ళలో నిద్రను చెరిపే సంగతులకు ములుగులో సాటి వచ్చేవి చాలానే ఉన్నాయి. మంగపేట, ఏటూరునాగారం, వాజేడు, వెంకటాపురం మండలాల్లో గోదావరి ఒడ్డున మిర్చి పండుతుంది. కోసిన కాయ కల్లంలో ఎండేటప్పుడు రైతు అక్కడే పడుకుంటాడు. చిటికెడు మబ్బు పట్టినా లేచి టార్పాలిన్లు కప్పాలి, తెల్లారాక తీయాలి. అడవి పక్క చేలల్లో పందుల కావలికి మంచె మీద రాత్రి గడిపేవాళ్ళది ఇంకో రకం నిద్ర: కన్ను మూసినా చెవి తెరిచే ఉంటుంది. ఇది మాటవరసకు అన్నది కాదు. కొత్త చోట పడుకున్న మొదటి రాత్రి మెదడులో ఒక సగం రెండోదానికంటే పలచగా నిద్రపోతుందని, చిన్న చప్పుడుకే స్పందిస్తుందని 2016లో బ్రౌన్ విశ్వవిద్యాలయ పరిశోధన చూపించింది. కావలి నిద్ర అంతటి పలచని నిద్రే కావచ్చు, అదీ పంటకాలం అంతటా. ఇక ఎండాకాలం. సిమెంటు రేకుల కింది ఇల్లు పొద్దుగూకినా చల్లారదు. 68 దేశాల్లో 47 వేలకు పైగా మనుషుల చేతిపట్టీల లెక్కలు కూడగట్టి 2022లో చేసిన అధ్యయనం ప్రకారం, రాత్రి ఉష్ణోగ్రత 30 డిగ్రీలు దాటితే మనిషి సగటున 14 నిమిషాల నిద్ర పోగొట్టుకుంటాడు. పేద దేశాలవాళ్ళకూ ముసలివాళ్ళకూ నష్టం ఇంకా ఎక్కువ. వానాకాలంలో దోమలు, ఏజెన్సీ మండలాల్లో మలేరియా జ్వరాలు. అలసట తీరడానికి తాగే ఇప్పసారా త్వరగా కునుకు పట్టిస్తుంది గానీ, మత్తు దిగే రాత్రి రెండో సగంలో నిద్రను తునకలు చేస్తుంది. రాత్రి నిద్రకు మేలు చేసిన మార్పు కూడా ఒకటుంది. వ్యవసాయ కరెంటు విడతలవారీగా, అదీ రాత్రిపూట వచ్చే రోజుల్లో రైతు అర్ధరాత్రి టార్చిలైటుతో బావి దగ్గరికి పోయి మోటారు వేయాల్సి వచ్చేది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో సాగుకు 24 గంటల సరఫరా వచ్చాక ఆ తిప్పలు తగ్గాయి. ఆ నిర్ణయం నీటి కోసం తీసుకున్నది. దాన్ని ఆరోగ్య నిర్ణయంగా కూడా లెక్కపెట్టవచ్చు.

అడవి మనుషులకు ఈ నిద్ర శాస్త్రం వర్తించదని వాదించేవాళ్ళకు ఒక ఆధారం ఉంది. టాంజానియాలోని హాడ్జా, నమీబియాలోని సాన్, బొలీవియాలోని సిమానే తెగలవాళ్ళ నిద్రను కొలిచి 2015లో జెరోమ్ సీగల్ బృందం ప్రచురించిన ఫలితం అప్పట్లో సంచలనం. కరెంటు లేని ఆ మనుషులు రాత్రికి నిద్రపోయేది 5.7 నుంచి 7.1 గంటలే, ఎనిమిది గంటల నియమం వాళ్ళకు లేదు. అయితే ఈ అధ్యయనాన్ని చివరిదాకా చదివితే అది గంటల లెక్కను తగ్గిస్తుందే తప్ప నాణ్యతను కొట్టిపారేయదు. వాళ్ళలో నిద్రలేమితో బాధపడేవాళ్ళు చాలా తక్కువ. రాత్రి చల్లబడుతున్నంతసేపూ నిద్రపోయి, ఉష్ణోగ్రత అట్టడుగుకు చేరే తెల్లవారుజామున లేస్తారు. అంటే నిద్రకు వేళను వాతావరణంలోని చల్లదనం నిర్ణయిస్తోంది. గుడిసె మీద గడ్డికప్పు పోయి రేకులొచ్చిన గూడేల్లో సరిగ్గా ఆ చల్లదనమే కరువైంది. పూర్వం తక్కువ నిద్ర చాలింది కదా అనేవాళ్ళు ఆ నిద్ర ఎలాంటి కప్పు కింద సాగిందో కూడా చెప్పాలి.

ఇంకో అభ్యంతరం ములుగులోనే పుడుతుంది. రెండేళ్ళకోసారి మాఘ మాసంలో సమ్మక్క, సారలమ్మ దేవతల మేడారం జాతర నాలుగు రోజులు సాగుతుంది. 2024లో ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా జరిగింది. కన్నెపల్లి నుంచి సారలమ్మ, మర్నాడు చిలకలగుట్ట నుంచి సమ్మక్క గద్దెకు చేరే వేళల్లో లక్షలాది జనం నిద్ర మానుకుని ఎదురుచూస్తారు. ఆ జాతరను వాళ్ళు జన్మంతా మరచిపోరు. మరి నిద్ర లేకుండా జ్ఞాపకం నిలవదన్న మాటేమిటి? దీనికి జవాబు రెండు వైపుల నుంచి వస్తుంది. భయం, భక్తి, ఉద్వేగం ఉన్న సంఘటనల్లో ఒత్తిడి హార్మోన్లు మెదడులోని అమిగ్డలా ద్వారా జ్ఞాపకానికి అప్పటికప్పుడే బలం ఇస్తాయి. అందుకే జాతర సారం చెరగదు. చెదిరేవి వివరాలు. రాత్రంతా మేలుకున్నవాళ్ళకు ఒక సంఘటన చూపించి, తర్వాత తప్పుడు వివరాలు కలిపి చెబితే, నిద్రపోయినవాళ్ళకంటే ఎక్కువగా ఆ తప్పును తాము చూసినదిగానే చెప్పారని 2014లో ఎలిజబెత్ లాఫ్టస్ తదితరులు ప్రచురించారు. గద్దె దగ్గర ఏ పూట ఏం జరిగిందో ఒకే ఇంటి నలుగురు నాలుగు రకాలుగా చెప్పడంలో ఆశ్చర్యం లేదు. పైగా మొదటి రాత్రి పోయిన నిద్ర తర్వాతి రాత్రుల నిద్రతో పూడదు. చూపుతో నేర్చుకునే ఒక పనిలో, నేర్చుకున్న రాత్రి నిద్రపోనివాళ్ళు ఆ తర్వాత రెండు రాత్రులు తనివితీరా పడుకున్నా మెరుగుపడలేదని 2000లో రాబర్ట్ స్టిక్‌గోల్డ్ బృందం చూపించింది. వంశగాథలు పాడే కోయ డోలి కళాకారుల సంగతి వేరు. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. సమ్మక్క సారలమ్మ కథతో సహా కోయల వంశగాథలను ఆయన కాగితం లేకుండా పాడేవాడు. ఇలాంటి కథకులు రాత్రంతా పాడినా మాట తప్పరు కాబట్టి నిద్రతో పనిలేదనుకోవడం పొరపాటు. వాళ్ళు పాడేది ఏళ్ళ తరబడి వినీ పాడీ పైపొరలో పాతుకుపోయిన కథ. నిద్రతో అవసరం ఉన్నది ఇంకా నాటుకోని కొత్త జ్ఞాపకానికి; అంటే పాడే గురువుకంటే నేర్చుకునే పిల్లవాడికి.

శాస్త్రవేత్తల అభ్యంతరాలు వీటికంటే గట్టివి. 2001లో సీగల్ స్వయంగా ఒక ప్రశ్న వేశాడు: దిగులుకు వాడే కొన్ని మందులు రెమ్ నిద్రను దాదాపు తుడిచేస్తాయి, అయినా వాటిని నెలల తరబడి వాడినవాళ్ళు మతిమరుపు మనుషులు కాలేదేం? ఈ ప్రశ్నకు ఎదురు లేదు. కలల నిద్రే జ్ఞాపకానికి మూలమన్న పాత సిద్ధాంతాన్ని అది బలహీనపరిచింది. 2009లో రాష్ బృందం మందులతో రెమ్ నిద్రను అణచినప్పుడు చేతిపనుల నేర్పు తగ్గకపోగా పెరిగింది కూడా. కానీ గాఢ నిద్ర మీద ఉన్న సాక్ష్యాన్ని ఈ ప్రశ్న తాకలేదు. రెండో అభ్యంతరం 2015 నాటిది. 929 మంది ఆరోగ్యవంతులైన యువకుల నిద్రనూ, వాళ్ళు చూసిన బొమ్మలు ఎంత గుర్తున్నాయన్నదాన్నీ పక్కపక్కన పెడితే సంబంధమే కనిపించలేదు. ఇక్కడ తేడా గమనించాలి. ఆ యువకులంతా హాయిగా నిద్రపోయేవాళ్ళే. ఎనిమిది గంటలు కమ్మగా పడుకునేవాడికీ ఏడున్నర గంటలు అంతే కమ్మగా పడుకునేవాడికీ తేడా లేదని అది చెప్పింది. నిద్ర తెగినవాడి గురించి చెప్పలేదు. నిద్ర వల్ల జ్ఞాపకానికి వచ్చే మేలు తొలి చిన్న ప్రయోగాలు చెప్పినంత పెద్దది కాదన్న మూడో అభ్యంతరాన్ని మాత్రం ఒప్పుకోవాల్సిందే. పెద్ద సంఖ్యలో మనుషులతో మళ్ళీ చేసినప్పుడు చాలా ఫలితాలు కుంచించుకుపోయాయి. గులాబీ ప్రయోగంలోని పదకొండు శాతం తేడాను కూడా ఆ జాగ్రత్తతోనే చూడాలి.

ముసలితనంలో మతిమరుపు దగ్గరికి వచ్చేసరికి ఇంకా నిదానించాలి. లండన్ ప్రభుత్వోద్యోగులను పాతికేళ్ళు వెంబడించిన అధ్యయనం, యాభై అరవైల్లో ఆరు గంటలు లేదా అంతకంటే తక్కువ నిద్రపోయినవాళ్ళకు డిమెన్షియా ముప్పు దాదాపు 30 శాతం ఎక్కువని 2021లో చెప్పింది. అయినా 2024లో లాన్సెట్ కమిషన్ ప్రకటించిన నివారించదగ్గ పద్నాలుగు కారణాల జాబితాలో నిద్ర లేదు. జబ్బు రావడానికి ముందే నిద్ర చెడుతుందా, చెడిన నిద్ర వల్ల జబ్బు వస్తుందా అన్న ముడి విప్పడం కష్టం. జ్ఞాపకాన్ని కాపాడేది నిద్ర ఒక్కటే కాదని హైదరాబాదు నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 2013లోనే చూపించింది: 648 మంది డిమెన్షియా రోగుల్లో రెండు భాషలు మాట్లాడేవాళ్ళకు జబ్బు లక్షణాలు దాదాపు నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలయ్యాయి, చదువు రానివాళ్ళలో కూడా. ఇంట్లో కోయ, సంతలో తెలుగు మాట్లాడే ములుగు పెద్దలకు ఈ రక్షణ పుట్టుకతోనే ఉన్నట్టు.

సాక్ష్యం ఎక్కువగా ఉన్నదీ, మార్చడం మన చేతిలో ఉన్నదీ పిల్లల విషయంలో. ఆశ్రమ పాఠశాలల్లో, గురుకులాల్లో రాత్రి చదువు ముగిసేసరికి పది దగ్గర పడుతుంది. తెల్లవారుజామున ఐదింటికి గంట కొడతారు. ఒకే హాల్లో పదుల మంది, తిరగని ఫ్యాను, చినిగిన కిటికీ జాలీ. కౌమారంలో శరీరంలోని గడియారం ఆలస్యంగా నడుస్తుంది, కాబట్టి తొమ్మిదింటికి పడుకోమన్నా వాళ్ళకు నిద్ర పట్టదు. పద్నాలుగు నుంచి పదహారేళ్ళ పిల్లలు 88 మందిని నాలుగు రాత్రులు ఐదు నుంచి తొమ్మిది గంటల మధ్య రకరకాలుగా పడుకోబెట్టిన 2011 జర్మన్ ప్రయోగంలో ఐదు గంటల పిల్లలకు కూడా నేర్చుకున్నది మరుపు రాలేదు. కారణం, రాత్రి మొదటి భాగంలో వచ్చే గాఢ నిద్ర వాళ్ళకు చెక్కుచెదరలేదు. ఇది చదివి తెల్లవారుజామున గంట కొట్టడం మంచిదేనని ఎవరైనా అనుకుంటే, సింగపూర్ ప్రయోగం చూడాలి. అక్కడ వారం రోజులు ఐదేసి గంటలు పడుకున్న పిల్లలకు శ్రద్ధ, అప్పటికప్పుడు మనసులో పట్టుకునే శక్తి రోజురోజుకూ పడిపోయాయి. తర్వాత రెండు రాత్రులు తొమ్మిదేసి గంటలు పడుకున్నా పూర్తిగా కోలుకోలేదు. నిన్నటి పాఠం నిలిచినా ఇవాళ్టి పాఠం తలకెక్కదన్నమాట. పరీక్ష ముందు రాత్రి గురించి ఉన్న నమ్మకాన్ని కూడా సవరించుకోవాలి. ఎంఐటీ విద్యార్థులకు చేతిపట్టీలు కట్టి ఒక సెమిస్టరంతా చూసిన 2019 అధ్యయనంలో, పరీక్ష ముందు రాత్రి నిద్రకూ మార్కులకూ సంబంధం కనిపించలేదు. పాఠాలు నేర్చుకున్న వారాల్లో నిద్ర ఎంత బాగుంది, ఎంత క్రమంగా ఉంది అన్నదానికే కనిపించింది. పదో తరగతి పిల్లలను మార్చిలో త్వరగా పడుకోమనడం ఆలస్యపు వైద్యం. జూలై నుంచే దోమల జాలీ బిగించి, ఫ్యాను బాగుచేసి, గంటను ఆరింటికి జరపడం అసలు పని. మధ్యాహ్న భోజనం తర్వాత చల్లని గదిలో అరగంట కునుకు కూడా పెట్టవచ్చు. చెన్నైలో ఆ కునుకు వల్ల పనితనం పెరిగినా, అంతసేపూ పనిచేస్తూ ఉన్నవాళ్ళతో పోలిస్తే కూలి కొంత తగ్గింది. బడిలో పోయే కూలి లేదు, ఒక పీరియడు సర్దుకుంటే చాలు.